సెగ చూపే ముల్లు: టర్బో డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత గేజి

టర్బోచార్జర్ అమర్చిన డీజిల్ ట్రక్కులో డ్రైవరు కళ్ళెదుట ఉండే గేజీలన్నింటిలోకీ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను చూపే గేజి చరిత్ర విచిత్రమైనది. బండి వేగం, నూనె ఒత్తిడి, రేడియేటర్ నీటి వేడి, ట్యాంకులో మిగిలిన డీజిల్ వంటివాటిని చూపే ముళ్ళను కంపెనీయే బిగించి ఇచ్చేది. ఇంజన్ వదిలే పొగ ఎంత వేడిగా ఉందో చెప్పే ముల్లును మాత్రం అమెరికాలో దశాబ్దాల పాటు ఎందరో యజమానులు సొంత డబ్బుతో కొనుక్కొని, నిక్షేపంలాంటి బండి ఇంజన్‌కు తామే రంధ్రం పెట్టి బిగించుకోవలసి వచ్చింది. అక్కడి డ్రైవర్లు పైరోమీటర్ అన్న పేరును కురచ చేసి ‘పైరో’ అని పిలిచే ఈ పరికరం ఏ కాలంలో ఎవరి ముందుకు వచ్చిందో, ఎప్పుడు కనుమరుగైందో గమనిస్తే, ఇంజన్‌లోకి పోయే ఇంధనాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటే వేడిని చదివే బాధ్యతా వారి మీదనే పడుతూ వచ్చిందని తేలుతుంది.

పెట్రోలు ఇంజన్‌లో గాలీ ఇంధనమూ దాదాపు స్థిరమైన పాళ్ళలో కలుస్తాయి. యాక్సిలరేటర్ నొక్కితే రెండూ కలిసే పెరుగుతాయి. డీజిల్ ఇంజన్ అలా కాక గాలిని ఎప్పుడూ అందినంత పీల్చుకుంటుంది, పెడల్ నొక్కినప్పుడు మారేది సిలిండర్‌లోకి చిమ్మే డీజిల్ పరిమాణం మాత్రమే. కాబట్టి ఇంజన్ ఊరకే తిరుగుతున్నప్పుడు డీజిల్‌కు అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలి సిలిండర్‌లో ఉండి పొగ చల్లగా వస్తుంది. బరువు పెరిగి, ఎత్తు ఎక్కుతూ, పెడల్ అడుగంటా నొక్కినప్పుడు గాలి పాలు తగ్గి పొగ వేడెక్కుతుంది, ఇంకా తగ్గితే పూర్తిగా కాలని కార్బన్ నల్లటి మసిగా బయటపడుతుంది. ఇంధనం తగ్గితే వేడెక్కడం పెట్రోలు ఇంజన్ స్వభావమైతే, ఇంధనం పెరిగిన కొద్దీ వేడెక్కడం డీజిల్ స్వభావం. పెట్రోలు ఇంజన్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులు డీజిల్ వైపు వచ్చినప్పుడు మొదట పొరపడేది ఇక్కడే.

టర్బోచార్జర్ ఈ లెక్కను మార్చింది, అయితే రద్దు చేయలేదు. వృథాగా పోయే పొగ శక్తితో ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో చివరనున్న మరో చక్రంతో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపడం ఆ యంత్రం చేసే పని. ట్రక్కు ఇంజన్ల టర్బోలలో ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగడం మామూలే. ఎక్కువ గాలి వచ్చింది కాబట్టి ఎక్కువ డీజిల్ కాల్చవచ్చు, ఎక్కువ బలం రాబట్టవచ్చు. అయితే దానితోపాటు పెరిగే పొగ వేడి టర్బైన్ రెక్కల మీదుగానే పోవాలి. రెక్కలు నికెల్ ప్రధానమైన మిశ్రలోహంతోనూ, వాటి చుట్టూ ఉండే గూడూ మానిఫోల్డూ పోత ఇనుముతోనూ, ఇంజన్ లోపలి పిస్టన్లు చాలా ఇంజన్లలో అల్యూమినియం మిశ్రమంతోనూ చేసినవి. సిలిండర్లన్నింటి పొగనూ ఒకచోట చేర్చి టర్బోకు అందించే గొట్టాన్నే మానిఫోల్డ్ అంటారు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, పిస్టన్లకు వాడే మిశ్రమాలు అంతకన్నా ముందే మెత్తబడతాయి. పిస్టన్ కిందినుంచి నూనె చిమ్మి చల్లార్చే ఏర్పాటు ఉండబట్టీ, సిలిండర్‌లో మంట ప్రతి చుట్టులోనూ కొద్ది క్షణాలే ఉండబట్టీ అది నిలుస్తుంది. మానిఫోల్డులోని పొగ వేడి పిస్టన్ వేడి కాదు, దానికి ఒక సూచిక మాత్రమే. ఆ సంగతి మరచిపోయి ముల్లు చూపిన అంకెనే పిస్టన్ ఉష్ణోగ్రతగా చెప్పుకోవడం ఇప్పటికీ వినపడుతుంది.

ఇంత వేడిని కొలిచే విద్య ట్రక్కులకన్నా ఎంతో పాతది. కొలిమిలోని వేడిని మామూలు పాదరస థర్మామీటరుతో చూడలేక, ఇంగ్లండులోని కుండల పరిశ్రమ యజమాని జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో మట్టి బిళ్ళలు ఎంత కుంచించుకుపోయాయో కొలిచి వేడిని అంచనా కట్టే పైరోమీటరును ప్రకటించాడు. అతని కొలత అసలు ఉష్ణోగ్రతలను చాలా ఎక్కువ చేసి చూపేదని తరువాత తేలినా, కంటితో మంట రంగు చూసి చెప్పే అలవాటు నుంచి అంకెకు మారాలన్న పట్టుదల అక్కడ కనిపిస్తుంది. 1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ రెండు వేర్వేరు లోహాలను వలయంగా అతికి ఒక అతుకును వేడి చేస్తే దగ్గరున్న దిక్సూచి ముల్లు కదలడాన్ని గమనించాడు. అది అయస్కాంత ప్రభావమని ఆయన భావించినా, నిజానికి అక్కడ పుట్టింది విద్యుత్తు. రెండు లోహాల అతుకుకూ, వాటి చల్లని కొసలకూ ఉన్న వేడి తేడాను బట్టి ఏర్పడే ఈ స్వల్ప విద్యుత్ పీడనమే థర్మోకపుల్ అనే సాధనానికి ఆధారం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనినే ఉష్ణయుగ్మం అన్నాయి.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ లె షాటెలియే 1880ల రెండో భాగంలో ప్లాటినమ్, ప్లాటినమ్-రోడియమ్ తీగలతో చేసిన ఉష్ణయుగ్మం ఉక్కు, పింగాణీ కొలిములకు నమ్మకమైన కొలత ఇచ్చింది. కానీ ప్లాటినమ్ ధరకు లారీ గేజి చేయడం కుదిరే పని కాదు. ఆ కొరతను తీర్చింది అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ రూపొందించిన నికెల్-క్రోమియం మిశ్రమం. దానికి 1906లో పేటెంటు దక్కింది. విద్యుత్ పొయ్యిలలో ఎర్రగా కాలే తీగచుట్టకు మూలమైన మిశ్రమ కుటుంబమే ఇది. ఈ మిశ్రమంలో ఒక రకమైన క్రోమెల్‌ను, నికెల్‌కు కాస్త అల్యూమినియం, మాంగనీసు, సిలికాన్ కలిపిన అల్యూమెల్‌తో జత చేస్తే వచ్చే ఉష్ణయుగ్మాన్ని ప్రమాణాలలో కె-రకం అంటారు. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు పుట్టించే ఈ జత, చల్లని కొస సున్నా డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 700 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 29 మిల్లీవోల్టులు ఇస్తుంది. టార్చిలైటు సెల్లులో ఉండే పీడనంలో యాభయ్యో వంతు అది. అంత సన్నని విద్యుత్తుతోనే, బ్యాటరీతో పని లేకుండా, తీగచుట్టను అయస్కాంతం మధ్య కదిల్చి ముల్లును తిప్పేటట్టు పాత ట్రక్కు గేజీలను చేశారు. గేజి చూసేది వేడి తేడానే కాబట్టి, డాష్‌బోర్డు దగ్గరి వేడి మారినప్పుడు లెక్క సరిచేయడానికి లోపల రెండు లోహాల రేకుతో చేసిన చిన్న స్ప్రింగు ఒకటి ఉండేది. బ్యాటరీ తీగ ఊడినా ఈ గేజి పనిచేస్తుందని పాతకాలపు మెకానిక్కులు మెచ్చుకోవడంలో అతిశయోక్తి లేదు.

టర్బో కథ సముద్రం మీద మొదలై రోడ్డెక్కింది. స్విట్జర్లండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుకీ 1905లో పొగతో నడిచే గాలిపంపుకు పేటెంటు పొందినా, అది డీజిల్ ఇంజన్ మీద సఫలమవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1920ల మధ్యలో ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణిక నౌకల పది సిలిండర్ల ఇంజన్లకు టర్బోలు బిగించినప్పుడు ఇంజన్ శక్తి 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెరిగింది. నౌకల ఇంజన్ గదిలో ప్రతి సిలిండర్ పొగదారికీ ఒక్కో థర్మామీటరు ఉంచి, ఆ అంకెలను లాగ్ పుస్తకంలో రాసి, ఒక సిలిండర్ మిగతావాటికన్నా వేడిగా ఉంటే దాని ఇంధన సరఫరాను సవరించడం నౌకా ఇంజనీర్ల దినచర్యలో భాగంగా ఉండేది. అక్కడ వేడి చదివేవాడూ, ఇంధనం సర్దేవాడూ ఒక్కడే, పైగా అతనికి ఆ ఇంజన్ తప్ప వేరే పని లేదు. రోడ్డు మీద డ్రైవరుకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి పది అంకెల స్థానంలో ఒక్క అంకె, థర్మామీటరు స్థానంలో తీగతో కలిపిన గేజి రావలసి వచ్చింది.

ట్రక్కులకు టర్బో డీజిల్‌ను మొదట తెచ్చినది స్విట్జర్లండ్‌లోని సావురర్ సంస్థ. అది 1938 నాటి మాట. యుద్ధానంతరం 1954లో స్వీడన్‌కు చెందిన వోల్వో తన టైటాన్ ట్రక్కుకు టర్బో జోడించి 150 అశ్వశక్తిని 185కు పెంచింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కొలంబస్ పట్టణంలో 1919లో స్థాపితమైన కమిన్స్ సంస్థ, టర్బోకు ప్రచారం కోసం 1952లో ఇండియానాపొలిస్ 500 పరుగుపందెంలోకి ఏకంగా డీజిల్ కారును దింపింది. ఫ్రెడ్ అగబాషియన్ నడిపిన ఆ కారు అర్హత పోటీలో గంటకు 138 మైళ్ళ సగటుతో మొదటి స్థానం దక్కించుకొన్నా, అసలు పందెంలో 71వ చుట్టు వద్ద ఆగిపోయింది. నేలకు దగ్గరగా ఉన్న గాలి ద్వారం, రోడ్డు మీద చెల్లాచెదురైన టైరు రబ్బరు ముక్కలతో మూసుకుపోవడం దానికి కారణం. టర్బో ఇంజన్‌కు గాలి అందకపోతే ఏమవుతుందో అంత బహిరంగంగా చూపిన ఘటన మరొకటి ఉండదేమో.

గేజి నిజంగా పాతుకుపోయినది అమెరికా పశ్చిమ ప్రాంతంలో. డీజిల్‌ను కంపెనీ ఇంజన్‌గా ముందుగా అందించిన అమెరికన్ ట్రక్కు తయారీదారు కెన్‌వర్త్ 1933లో ఆ పని చేసినది సియాటిల్ నుంచే అన్నది గుర్తుంచుకోదగిన విషయం. కొండలు, దీర్ఘదూరాలు, సొంత ట్రక్కును తానే నడుపుకొనే యజమాని-డ్రైవర్లు ఆ ప్రాంతంలో డీజిల్ వ్యాప్తికి కలిసివచ్చాయి. కాలిఫోర్నియాలోని గ్రేప్‌వైన్, ఒరిగాన్‌లోని క్యాబేజ్ హిల్, కొలరాడోలో 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కే ఘాట్లలో, నిండు బరువుతో పది పదిహేను నిమిషాలు పూర్తి పెడల్ మీద నడపవలసి వస్తుంది. ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి 11 వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది, యాంత్రిక పంపు మాత్రం కింద మైదానంలో చిమ్మినంత డీజిలే పైనా చిమ్ముతుంది. ఆ లోటును టర్బో కొంతవరకే పూడుస్తుంది, మిగతాది పొగ వేడిగా కనబడుతుంది. నీటి గేజి ఈ ప్రమాదాన్ని చూపలేదు, ఎందుకంటే రేడియేటర్ నీరు వేడెక్కడానికి నిమిషాలు పడితే పొగ వేడెక్కడానికి క్షణాలు చాలు.

ఆ కొండదారుల మీద పైరోను చూస్తూ నడపడం ఒక ప్రత్యేక నైపుణ్యంగా రూపొందింది. ముల్లు పరిమితి వైపు పాకుతున్నప్పుడు అనుభవం లేనివారు పెడల్‌ను ఇంకా నొక్కుతారు, దానివల్ల ఇంధనం పెరిగి వేడి ఎగబాకుతుంది. తెలిసినవారు ఒక గేరు తగ్గిస్తారు. గేరు తగ్గితే ఇంజన్ వేగంగా తిరిగి, నిమిషానికి ఎక్కువ గాలి పీల్చి, టర్బోను వేగంగా తిప్పి, ఒక్కో చుట్టుకు తక్కువ డీజిల్‌తోనే అదే బరువును లాగుతుంది కాబట్టి, పెడల్ కదపకపోయినా ముల్లు వెనక్కి దిగుతుంది. ఇంజన్ చప్పుడు పెరిగితే అది ఎక్కువ శ్రమపడుతోందనుకోవడం సహజం. ఆ భావం తప్పని కళ్ళకు కట్టినట్టు చూపినది ఈ గేజి. బండి యజమాని పిస్టన్లకు ఎంత మేలు చేసిందో, కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పడంలోనూ అది అంత మేలు చేసింది.

కానీ ముల్లుకు అందే అంకె గొట్టంలో ఏ చోటు నుంచి రావాలన్న దాని మీద వివాదం అప్పటినుంచీ ఉంది. టర్బైన్ గుండా పోయేటప్పుడు పొగ తన శక్తిలో కొంత ధారపోసి చల్లబడుతుంది కాబట్టి, టర్బోకు ముందున్న మానిఫోల్డులో కొలిచిన వేడికీ టర్బో దాటాక కొలిచిన వేడికీ బరువు మీద 200 నుంచి 300 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉండవచ్చు. ఇంజన్ ఊరకే తిరుగుతున్నప్పుడు ఆ తేడా దాదాపు ఉండదు. తేడా స్థిరంగా ఉంటే లెక్కకట్టి కలుపుకోవచ్చు, బరువును బట్టి అది మారుతుంది కాబట్టే చిక్కు. అయినా చాలా భారీ ట్రక్కులలో ఉష్ణయుగ్మాన్ని టర్బో తరువాతనే ఉంచారు. కొలిచే కడ్డీ కొస కాలక్రమంలో విరిగితే, మానిఫోల్డులో ఉన్నది నేరుగా లక్ష చుట్లు తిరిగే చక్రంలోకి పోయి రెక్కలను చెక్కేస్తుందని భయం. ఆ భయం నిరాధారం కాదు, కానీ మంచి కడ్డీ అంత సులభంగా విరగదు. పిస్టన్‌కూ టర్బైన్‌కూ ప్రమాదం ఉన్నది టర్బోకు ముందు కాబట్టి కొలత కూడా అక్కడే తీసుకోవాలన్న రెండో పక్షం వాదనకే బలం ఎక్కువ.

ఈ వాదన ట్రక్కు డిపోల నుంచి ఇళ్ళ ముంగిళ్ళకు దిగినది 1989 మోడల్ డాడ్జ్ పికప్‌తో. పికప్ అంటే వెనుక తెరిచిన తొట్టె ఉండే, రైతులూ చిన్న కాంట్రాక్టర్లూ వాడే మధ్యతరహా బండి. దానిలో బిగించిన 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల కమిన్స్ బి-శ్రేణి ఇంజన్‌ను కేస్ సంస్థతో కలిసి వ్యవసాయ యంత్రాలను కూడా దృష్టిలో ఉంచుకొని రూపొందించారు కనుక, పికప్ తరగతికి అది మోతాదుకు మించి దిట్టమైనది. కంపెనీ దాని నుంచి 160 అశ్వశక్తి మాత్రమే తీసింది. టర్బో ఒత్తిన వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మొదటి బండ్లకు లేదు, అది 1991లో చేరింది. ఇంత బలమైన ఇంజన్‌లో ఇంత తక్కువ శక్తి ఉండడం యజమానులకు ఊరించే విషయమైంది. పంపు మీది మరను కొద్దిగా తిప్పితే డీజిల్ పెరుగుతుంది. 1994లో వచ్చిన బాష్ పి7100 పంపులో ఇంధనాన్ని అడ్డగించే చిన్న ఉక్కు బిళ్ళను అరగదీస్తే, లేదా తీసేస్తే, ఇంకా పెరుగుతుంది. 1994లో ఫోర్డ్ పవర్‌స్ట్రోక్, 2001 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్ ఇంజన్లు వచ్చాక, ఎలక్ట్రానిక్ చిప్పులు అమర్చి మర తిప్పకుండానే అదే పని చేసే మార్గాలు పుట్టుకొచ్చాయి.

ఇక్కడే కంపెనీ గీసిన గీత చెరిగిపోయింది. ఇంధనం ఎంత చిమ్మాలో ఇంజనీర్లు లెక్కగట్టి పెట్టినంతకాలం ఆ ఇంజన్‌లో పొగ ఎంత వేడెక్కినా అది వారి బాధ్యత. పంపు మర మీద చేయి పెట్టిన మరుక్షణం ఆ బాధ్యత యజమానికి బదిలీ అయింది. అతనికి కొలిచే పరికరం ఏదీ కంపెనీ ఇవ్వలేదు కాబట్టి, పోర్ట్‌లాండ్‌కు చెందిన ఇస్‌ప్రో, పందెం కార్లకు గేజీలు చేసి పేరు తెచ్చుకున్న ఆటో మీటర్ వంటి సంస్థల సరుకు పికప్ డ్రైవర్ల చేతుల్లోకి చేరింది. పైరో, టర్బో ఒత్తిడి గేజి, ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె వేడి గేజి అనే మూడూ ఒకే జట్టుగా, అద్దం పక్కనున్న స్తంభానికి అతికించే ప్లాస్టిక్ గూడులో కుదురుకొన్నాయి.

గేజి ఎంపికలో జనం ఎక్కువగా చర్చించినది రూపురేఖలను, రాత్రిపూట వెలిగే రంగులను. అసలు చూడవలసినవి వేరు. ముల్లు పావు వలయంలో తొంభై డిగ్రీలే తిరిగే గేజి మీద 1,200కూ 1,300కూ మధ్య దూరం వెంట్రుకవాసి, మూడొంతుల వలయం తిరిగే గేజి మీద అదే దూరం డ్రైవింగ్ మధ్యలో ఒక్క చూపులో తెలుస్తుంది. కొలిచే పరిధి 1,600 ఫారెన్‌హీట్ లేదా 900 సెల్సియస్ వరకు ఉంటే చాలు. అతుకు బయటికే తేలి ఉండే కడ్డీ త్వరగా స్పందిస్తుంది కానీ త్వరగా కాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇన్‌కోనెల్ తొడుగులో మూసిన కడ్డీ కాస్త నిదానంగా స్పందించినా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. బండి ముఖ్యంగా బరువు లాగడానికి వాడేవారికి మూసిన కడ్డీనే మేలు, ఎందుకంటే ఘాట్ మీద పెరిగే వేడి నిలకడగా పెరిగేదే తప్ప రెప్పపాటులో మెరిసి మాయమయ్యేది కాదు.

బిగించే పనిలో అసలు పరీక్ష మానిఫోల్డుకు రంధ్రం వేయడం. ఎనిమిదో వంతు అంగుళం పైపు కొలత కలిగిన, అంగుళానికి 27 మరలు ఉండే ఏటవాలు మర ఇక్కడ ఆనవాయితీ. అందుకు ముందు అంగుళంలో మూడో వంతు వెడల్పు రంధ్రం తొలిచి, తరువాత ట్యాప్ అనే మర కోసే పనిముట్టును చేత్తో నింపాదిగా తిప్పుతారు. ఏటవాలు మర కాబట్టి ట్యాప్‌ను మరీ లోతుగా దించితే కడ్డీ వదులై పొగ కారుతుంది. తొలిచిన పోత ఇనుప రజను టర్బైన్ మీద పడకుండా చూడడం అన్నింటికన్నా ముఖ్యం. అందుకు బిట్టు నిండా గ్రీజు పట్టించి, ప్రతి కొద్ది మలుపులకూ తీసి తుడుస్తారు. రంధ్రం పడ్డాక అయస్కాంతపు పుల్లతో లోపల వెతుకుతారు. ఇంజన్ నడుస్తూ ఉండగానే తొలిస్తే పొగ ఒత్తిడికి రజను బయటికే చిమ్ముతుందని వాదించి అలా చేసినవారూ ఉన్నారు, కానీ కాలే మానిఫోల్డు మీద చేతిడ్రిల్లు పట్టుకొని నిలబడడం తెలివైన పని అనిపించదు. టర్బోను విప్పి పక్కన పెట్టి రంధ్రం వేయడమే అన్నింటికన్నా సురక్షితం. దానికి గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది, కొత్త గాస్కెట్ కావాలి, తుప్పు పట్టిన బోల్టులు విరిగే ప్రమాదమూ ఉంది.

రంధ్రం ఎక్కడ అన్న ప్రశ్న కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఇంకొంచెం జటిలం. దాని మానిఫోల్డు టర్బో దగ్గర మధ్య గోడతో రెండుగా విడిపోయి, ముందరి మూడు సిలిండర్ల పొగనూ వెనుక మూడింటి పొగనూ వేరువేరుగా టర్బైన్‌కు పంపుతుంది. కాబట్టి గోడకు ఒక పక్క దిగిన కడ్డీ సగం ఇంజన్ సంగతే చెబుతుంది. సరిగా గోడకు ఎదురుగా రంధ్రం పెడితే కడ్డీ పొగ మధ్యలోకి దిగక గోడను తాకి ఆగుతుంది. కడ్డీ కొస గొట్టం గోడకు దూరంగా, పొగ పారే నడిమిలో ఉండాలి, లేకపోతే ఇనుము వేడీ పొగ వేడీ కలగలిసిన అంకె వస్తుంది.

తీగల పని చిన్నదిగా కనిపించి మోసం చేస్తుంది. అమెరికన్ ప్రమాణంలో కె-రకం తీగల్లో పసుపు ధనం, ఎరుపు ఋణం. బ్యాటరీ అలవాటున్న మెకానిక్ ఎరుపును ధనమనుకొని కలిపితే ఇంజన్ వేడెక్కే కొద్దీ ముల్లు వెనక్కి పోతుంది. రంగు వెలిసిపోయిన పాత తీగను గుర్తుపట్టడానికి అయస్కాంతం చాలు, అల్యూమెల్ దానికి అంటుకుంటుంది, క్రోమెల్ అంటుకోదు. బ్యాటరీ లేకుండా నడిచే పాత గేజీల తీగను ఎక్కువైందని కత్తిరించకూడదు, ఆ తీగ నిరోధాన్ని కలుపుకొనే గేజి కొలతను కర్మాగారంలో సరిచేసి ఉంటారు. మిగిలిన తీగను చుట్టగా చుట్టి డాష్‌బోర్డు వెనుక కట్టి ఉంచాలి. ఉష్ణయుగ్మానికీ గేజికీ మధ్య మామూలు రాగి తీగ వాడితే, ఇంజన్ గదిలోని వేడికి గురయ్యే ఆ కొత్త అతుకే చల్లని కొసగా మారి, గేజి తక్కువ చూపుతుంది. పాత ఇంజన్‌కు రంధ్రం వేసినవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ఈ ఒక్క తీగ దగ్గర అశ్రద్ధ చేస్తే అతని శ్రమంతా తప్పుడు ధైర్యం ఇచ్చే ముల్లుగా మిగులుతుంది.

అంకెల విషయంలో, టర్బోకు ముందు కొలిచినప్పుడు నిలకడగా 1,250 ఫారెన్‌హీట్ (సుమారు 677 సెల్సియస్) దాటరాదన్న వాడుక పికప్ డ్రైవర్లలో స్థిరపడింది. కొద్ది క్షణాలు అంతకు మించినా చాలా ఇంజన్లు తట్టుకుంటాయి. ఘాట్ పొడవునా మించితే తట్టుకోవు. గేజికి మరో ఉపయోగం ఇంజన్ ఆపేముందు కనబడింది. వేడి మీద ఉన్న టర్బోను హఠాత్తుగా ఆపితే దాని ఇరుసు బేరింగుల్లో నూనె ప్రవాహం నిలిచి, అక్కడే మాడి బొగ్గులా పేరుకుపోతుంది కాబట్టి కొన్ని నిమిషాలు ఊరకే తిరగనివ్వమని కంపెనీలు చెప్పేవి. పైరో ఉన్నవారు గడియారం చూడడం మాని, ముల్లు 300-400 ఫారెన్‌హీట్ ప్రాంతానికి దిగాక తాళం తిప్పడం మొదలుపెట్టారు. దిగువ దారిలో ఖాళీగా వచ్చిన బండికి అరనిమిషం చాలు, ఘాట్ ఎక్కి పెట్రోలు బంకులోకి తిరిగిన బండికి ఐదు నిమిషాలు చాలకపోవచ్చు.

తెలుగు నేల మీద టర్బో డీజిల్ మొదట పరిచయమైనది ప్రధానంగా రైలు పట్టాల మీద. 1962 నుంచి దేశంలోకి వచ్చిన, తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు కాజీపేట, గుత్తి వంటి లోకోషెడ్లలో దశాబ్దాల పాటు ఉన్నాయి. డ్రైవరు నాచ్ (ఇంజన్ శక్తిని నిర్ణయించే పిడి మెట్టు) పెంచగానే డీజిల్ ముందుగా చేరి, టర్బో వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకోవడం వల్ల, వాటి కప్పు మీదుగా ఎగసే నల్లటి పొగను చూసి పెరిగినవారికి గాలికి ముందే ఇంధనం అందితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. లారీలకు టర్బో విస్తృతంగా వచ్చినది 1990లలో, ఉద్గారాల నియంత్రణతో పాటు. 1993లో ఏర్పడిన టాటా-కమిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో చేసిన ఇంజన్లు డాడ్జ్ పికప్‌లోని ఆ బి-శ్రేణి కుటుంబానివే. అయినా పైరో ఇక్కడి లారీల్లో మామూలు సామగ్రి కాలేదు. లారీ యజమాని ఒకరు, నడిపేది మరొకరు, విజయవాడ ఆటోనగర్ వంటి చోట పంపు విప్పేది మూడోవారు కావడం దానికి ఒక కారణమని భావించవచ్చు. ఇంధనం సర్దిన చేయి, ముల్లును చూసే కన్ను ఒకే మనిషివి కానప్పుడు గేజి కొనాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

2007 అమెరికన్ ఉద్గార ప్రమాణాలతో ఈ కథ తలకిందులైంది. మసిని పట్టి ఉంచే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ తప్పనిసరి కావడంతో, పేరుకున్న మసిని సుమారు 600 సెల్సియస్ వద్ద కాల్చి శుభ్రపరచవలసి వచ్చింది. అంటే ఒకప్పుడు డ్రైవరు భయపడి తగ్గించుకున్న వేడిని ఇప్పుడు కంప్యూటరే కావాలని పుట్టిస్తుంది. ఆ పనిని అదుపులో ఉంచడానికి పొగగొట్టం పొడవునా మూడు నాలుగు ఉష్ణోగ్రత సెన్సార్లను కంపెనీలే బిగించాయి. భారతదేశంలో 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 లారీల్లోనూ ఫిల్టరుకూ, యాడ్‌బ్లూ పేరుతో బంకుల్లో దొరికే యూరియా ద్రావణంతో పనిచేసే ఉత్ప్రేరకానికీ ఇటువంటి సెన్సార్లే కాపలా. వేడి హద్దు దాటితే కంప్యూటర్ డ్రైవరును అడగకుండానే ఇంధనం తగ్గిస్తుంది. సెన్సార్ల సంఖ్య మునుపెన్నడూ లేనంత పెరిగినా డాష్‌బోర్డు మీద ఆ అంకె చాలా బండ్లలో కనబడదు, బండి నడిపే మనిషికి తెలిసేది హెచ్చరిక దీపం వెలిగాకనే.

ఆ సెన్సార్లు ఎక్కువగా టర్బో దాటాక, ఫిల్టరు చుట్టూ ఉంటాయి, ఎందుకంటే అవి కాపాడవలసినది ఫిల్టరును. పిస్టన్ లెక్కను కంప్యూటర్ ఇంధనం, గాలి పరిమాణాల నుంచి అంచనా కట్టుకుంటుంది. బండి కంపెనీ అమరికల్లోనే ఉన్నంతకాలం ఆ అంచనా చాలుతుంది. డయాగ్నస్టిక్ సాకెట్‌కు చిన్న తెర తగిలించి కంపెనీ సెన్సార్ల అంకెలు చదువుకొనే సదుపాయం వచ్చాక రంధ్రం వేసే అవసరం తీరిందని కొందరు అనుకున్నారు. కానీ ఇంజన్ సాఫ్ట్‌వేరు మార్చి శక్తి పెంచుకొన్నవారికి, అది అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కింద అధికారుల చర్యకు గురయ్యే వ్యవహారమైనా కాకపోయినా, టర్బోకు ముందరి అంకె సాకెట్‌లో దొరకని ఇంజన్లు ఇంకా ఉన్నాయి. అటువంటి బండి యజమానులు ఈనాటికీ గ్రీజు పూసిన బిట్టుతో మానిఫోల్డును తొలిచి, పసుపు తీగను ధనానికి కలిపి, పాత కె-రకం కడ్డీనే బిగిస్తున్నారు.